కోటగోడ కింద పడవ

ఇంగ్లండు వెళ్ళి నెలరోజులుండి లండన్ చూడకుండా తిరిగొచ్చామంటే మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు. రాజుగారి మేడ చూడలేదు, పెద్ద గడియారం చూడలేదు, మైనపు బొమ్మలూ చూడలేదు. మరేం చూశారండీ అంటే, కాలవ చూశాం. "కాలవ చూడ్డానికి అంతదూరం పోవాలా? మన ఊళ్ళో లేదూ?" అని ఎదురింటి మేష్టారు నవ్వేరు. ఉంది. ఉండబట్టే వెళ్ళాం.

మా అబ్బాయి మాంచెస్టరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇల్లులాంటి పడవ నొకదాన్ని వారం రోజులకు అద్దెకు తీసుకుని, నాంట్‌విచ్ అనే ఊరినుంచి చెస్టర్ నగరం దాకా వెళ్ళిరావాలని ఏర్పాటు చేశాడు. దూరం సుమారు 20 మైళ్ళు. కారులో గంట లోపు ప్రయాణం. మాకు రెండున్నర రోజులు పట్టింది. గంటకు 4 మైళ్ళు మించి పోకూడదని అక్కడి నిబంధన. గట్టుమీద కుక్కను తిప్పుకుంటున్న పెద్దమనిషి మమ్మల్ని దాటిపోయి, దారిలో ఎవరితోనో కబుర్లాడి, మళ్ళీ మమ్మల్ని దాటిపోయాడు.

మా ఆవిడ మొదట రానంది. ఆవిడకు నీళ్ళంటే భయం. చిన్నతనంలో వాళ్ళ ఊరి కాలవలో తోటి పిల్లవాడొకడు ఆవిడ కళ్ళముందే పోయాడు. మా ఇంట్లో ఎత్తుకునే మాట కాదది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ రేవుమెట్లు దిగగా నేను చూడలేదు. పుష్కరాలకైనా నేను చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన చల్లవలసిందే. సంగతి తెలియని కోడలు ధైర్యం చెప్పబోయింది. "అత్తయ్యగారూ, ఈ కాలవ నాలుగడుగుల లోతుకు మించదు. నిలబడితే చాలు." "వాడూ నడుంలోతు నీళ్ళలోనే పోయాడమ్మా" అంది మా ఆవిడ. ఆ పైన ఎవరూ మాట్లాడలేదు. చివరికి మనవడు "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను నాయనమ్మా" అని భీష్మించుకు కూర్చోవడంతో బయలుదేరింది, ఆవకాయ సీసా ఒళ్ళో పెట్టుకుని.

పడవ పొడుగు 57 అడుగులు. వెడల్పు అడిగితే నవ్వుతారు, ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. ఆ రైలుపెట్టెలాంటి దానిలోనే పడకలు, గ్యాసుపొయ్యి, స్నానాలగది, అన్నీ ఉన్నాయి. చుక్కాని పిడి ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. ఈ ముక్క ఒంటపట్టేలోగా మా అబ్బాయి రెండు గట్లనూ సమానంగా పలకరించాడు.

ఇక లాకుల సంగతి. గోదావరి జిల్లాల వారికి లాకంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావారికోసం: ఎత్తులో ఉన్న నీళ్ళనుంచి పల్లంలో ఉన్న నీళ్ళలోకి పడవను మెట్టు దింపినట్టు దింపే తొట్టి. రెండువైపులా తలుపులు. తూము ఎత్తితే నీరు కిందికి పోతుంది, దానితోపాటు పడవా దిగుతుంది. నా చిన్నప్పుడు, 1950లలో, మా అమ్మమ్మగారి ఊరినుంచి రాత్రి గూటిపడవ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. నిద్రలో లాకుల దగ్గర నీటిహోరు వినిపించేది. మన లాకుల దగ్గర తలుపులు తియ్యడానికి మనుషులుండేవారు. ఇక్కడ ఎవరూ ఉండరు. పడవవారే గట్టుమీదికి దూకి, ఇనప పిడి తగిలించి తూములెత్తి, తలుపుకున్న పెద్ద దూలానికి వీపు ఆనించి తొయ్యాలి. ఎదురుగా ఎవరి పడవ వచ్చినా వాళ్ళు మన తలుపు తోస్తారు, మనం వాళ్ళ తలుపు తొయ్యాలి. పక్కింటివారి పేరు కూడా ఎరగని మా కోడలు మూడోలాకు దాటేసరికి ఆరు కుటుంబాలకు స్నేహితురాలైంది.

ఈ కాలవ కథ చెప్పాలి. చెస్టర్ ఊరికి మూలం రోమన్ల దండు విడిది. క్రీస్తుశకం 70లలో కట్టారు. ఊరికి ఆనుకుని డీ నది, రేవు, ఓడల వర్తకం. కాలక్రమాన నది ఇసక మేట వేసింది. ఓడలు లివర్‌పూలు దారి పట్టేయి. మేట వేసిన రేవు గల ఊరు ఎలా ఉంటుందో మన కోరంగిని ఎరిగినవారికి వేరే చెప్పాలా? చెస్టర్ పెద్దలు ఊరుకోలేదు. 1772లో శాసనం తెచ్చుకుని, చందాలు పోగుచేసి, కాలవ తవ్వించారు. మిడిల్‌విచ్‌ దగ్గర పెద్ద కాలవతో కలపాలని వారి ఆశ. ఆ పెద్ద కాలవ కంపెనీవారు పడనివ్వలేదు. 1779 నాటికి నాంట్‌విచ్ దాకా వచ్చి ఆగిపోయింది. వర్తకం రాలేదు. 1787లో బీస్టన్ దగ్గర లాకు కూలితే బాగుచేయించడానికి డబ్బు లేదు. కోరుకున్న మిడిల్‌విచ్ కలయిక 1833లో గాని దక్కలేదు. చందాలిచ్చినవారిలో దాన్ని చూసినవారెవరూ ఉండి ఉండరు. ఆ బీస్టన్‌లోనే నేల ఊబి ఇసక కావడంచేత, టెల్ఫర్డ్ అనే మహా ఇంజనీరు 1820లలో ఒక లాకును గోడలూ అడుగూ మొత్తం ఇనపరేకులతో కట్టించాడు. మా పడవ అందులోకి దిగుతుంటే మనవడు చేత్తో తట్టి చూశాడు. బిందె మోగినట్టు మోగింది.

తరవాత రైళ్ళు, లారీలు. పడవ వెనక పదడుగుల గదిలో పిల్లాపాపలతో కాపురాలు చేసిన సరుకుపడవల వాళ్ళు ఒక్కొక్కరే గట్టెక్కారు. 1962-63 చలికాలంలో కాలవలు గడ్డకట్టి, మిగిలిన కాస్త రవాణా కూడా దాదాపు ఆగింది. ఐతే అంతకు ముందే, 1944లో రోల్ట్ అనే రచయిత తన పడవ బతుకు గురించి పుస్తకం రాశాడు. దాన్ని చదివినవారు కూడి 1946లో కాలవల రక్షణకు సంఘం పెట్టారు. పూడిన లాకులను సెలవురోజుల్లో జనమే పారలతో తవ్వుకున్నారు. 2012 నుంచి చాలా కాలవలను చూస్తున్నది ఒక ధర్మసంస్థ. మనవైపు, 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టతో కాటన్ దొర పొలాలకూ పడవలకూ కూడా పనికొచ్చేలా కాలవలు వేయించాడు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న దారిని 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మా ఇంటిముందు మాత్రం గుర్రపుడెక్కే ప్రయాణం చేస్తున్నది.

మూడోనాటి మధ్యాహ్నం చెస్టర్ చేరాం. తుపాకి గుళ్ళకోసం 1799లో కట్టిన ఎత్తైన బురుజు దాటగానే, కాలవ ఎర్రరాతిని తొలిచిన లోతైన సందులో దూరింది. తలెత్తితే కోటగోడ. మూలన ఉన్న బురుజు మీదనుంచే 1645 సెప్టెంబరు 24న చార్లెస్ రాజు తన సేన ఓడిపోవడం చూశాడని చెబుతారు. ఇంకాస్త ముందు, పిట్టగోడ లేని సన్నటి రాతివంతెన. ఉరిశిక్ష పడిన ఖైదీలను ఆఖరి ప్రార్థనకు దానిమీదుగా నడిపించేవారట. మా ఆవిడ ఆ వంతెన కింద కళ్ళు మూసుకుంది.

అది దాటాక నార్త్‌గేట్ లాకులు. బండను చెక్కి ఒకదాని కిందొకటిగా మూడు తొట్లు, మొత్తం 33 అడుగుల దిగుడు. దిగేటప్పుడు పై తలుపు దగ్గర నీటికింద ఒక రాతిమెట్టు ఉంటుంది. పడవ వెనకభాగం దానిమీద చిక్కుకుంటే, నీరు తగ్గేకొద్దీ ముందుభాగం వంగి పడవ మునుగుతుంది. గట్టుమీద తెల్లగీత దాని గుర్తు. అబ్బాయీ కోడలూ తూముల దగ్గర, మనవడు పైన తాడు పట్టుకుని, నేను చుక్కాని దగ్గర. గీత చూసే మనిషి లేరు. ఎర్ర రక్షణ చొక్కా తొడుక్కున్న తెల్లటి ముసలాయన, జీతం లేకుండా లాకు చూసుకునే స్వచ్ఛంద సేవకుడట, గట్టుమీదనుంచి మా ఆవిడకు గీత చూపించి, చేతులతో "ముందుకు" అని సైగ చేశాడు. "ఏవండీ, ఆయనేదో చెబుతున్నాడు" అని ఆవిడ పడవ వెనక కొసకు వచ్చి నిలబడింది. చేతికి కమ్మీ, కాళ్ళకింద గుభగుభలాడే నీళ్ళు. మూడు తొట్లూ దిగినంతసేపూ గీతమీదనుంచి చూపు తిప్పలేదు. "ముందుకు... ఇంకాస్త... చాలు, ఆపండి!" పెళ్ళైనప్పటినుంచీ నన్ను ఇంత గట్టిగా అదలించింది లేదు. నేను మాట జవదాటలేదు. కింద రేవులో పడవ కట్టాక కూడా కమ్మీ వదలడానికి ఆవిడకు కొంతసేపు పట్టింది.

మర్నాడు కోటగోడమీద నడిచాం. చుట్టూ తిరిగితే దాదాపు 2 మైళ్ళు. మా ఆవిడ మోకాళ్ళకు ముప్పావు మైలు దాకా శాంతి. మేడమీద మేడగా రెండంతస్తుల వరండాల్లో నడిచే ఆ ఊరి దుకాణాల వీధులు అబ్బాయి చూపిస్తానంటే, ఆవిడ కదలలేదు. గోడమీదనుంచి ఆ లాకులు కనిపిస్తున్నాయి. ఒక పడవ దిగుతోంది, చుక్కాని దగ్గర ఒక పడుచుపిల్ల.

"ఆ పిల్లకెవరైనా గీత చూపించారంటారా?" అంది మా ఆవిడ. పడవ కింది తలుపు దాటిందాకా అక్కడే నిలబడ్డాం.