తుప్పు మీద పుట్టీ

అంబాసిడర్ గురించి మనవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. ఆ రోజుల్లో రేకు మందం, బండి మొత్తం ఇనుమే, పెరట్లో పదేళ్లు ఎండకూ వానకూ పడి ఉన్నా ఏమీ కాదు, మంచి మేస్త్రి చేతిలో పెడితే పెళ్లికూతురిలా తయారై వస్తుంది. ఈమధ్య దీనికి ఇంకో మాట తోడైంది: పాత బళ్లకు గిరాకీ పెరుగుతోంది కాబట్టి పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదట. యూట్యూబ్‌లో తుప్పు డొక్కు పావుగంటలో తళతళలాడే కారైపోతుంటే నమ్మకుండా ఉండటం కష్టమే. అది తాతగారి కారు కూడా అయితే ఇక ఆపేవాళ్లెవరు?

తుప్పు తిన్న అంబాసిడర్‌ను ‘కొత్తదానిలా’ చేయించడమంటే, చాలాసార్లు మిగిలి ఉన్న ఆ కాస్త కారునూ పోగొట్టుకోవడమే అంటాను నేను.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలుసు. ఇంజను దగ్గర. ఆ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజను ఏ ఊరి మెకానిక్‌కైనా లొంగుతుంది. కార్బురేటర్ విప్పి కడిగి, పాయింట్ల గ్యాప్ సరిచేసి, ప్లగ్గులు తుడిస్తే మళ్లీ గురగురమంటుంది. విడిభాగాలూ ఇప్పటికీ దొరుకుతున్నాయి. (ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని తినేస్తుందన్నది వేరే తలనొప్పి. పైపులు మార్చుకుంటే సరిపోతుంది.) ‘ఏ ఊళ్లోనైనా బాగవుతుంది’ అనే పేరు ఇంజను సంపాదించుకున్నది. దాన్ని మనం తీసుకెళ్లి బాడీకి కూడా తగిలించాం.

బాడీ కథ పూర్తిగా వేరు. లారీకీ జీపుకూ చాసిస్ వేరు, పైన బాడీ వేరు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్‌దీ అదే పద్ధతి. ‘వందేళ్ల బండి అలా మెరుస్తుంటే మనది ఎందుకు మెరవదు’ అని దాన్ని చూపించేవాళ్లు ఈ తేడా గమనించరు. అంబాసిడర్ బ్రిటన్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి, దానికి విడిగా చాసిస్ అంటూ లేదు. అడుగు రేకు, తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బోలు దూలం, తలుపుల మధ్య స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిసి బరువు మోస్తాయి. ప్రీమియర్ పద్మినీ అంతే. అంటే ఇక్కడ తుప్పు పట్టేది చర్మానికి కాదు, ఎముకకు.

పైగా ఆ తుప్పు లోపల్నుంచి బయటికి వస్తుంది. అద్దం చుట్టూ రబ్బరు ఎండిపోయి కారిన వాన నీరు రబ్బరు మ్యాట్ కిందికి చేరి అక్కడే నిలుస్తుంది. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి ఉన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతాయి. డిక్కీలో స్టెప్నీ కింద చెమ్మ ఆరదు. విశాఖ, కాకినాడ వైపు బండయితే ఉప్పుగాలి పని ఇంకా తొందరగా ముగిస్తుంది. బయట రంగు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపల రేకు వేలితో పొడిస్తే దిగిపోయే స్థితిలో ఉంటుంది.

ఇప్పుడు టింకరింగ్ షెడ్డులో ఏం జరుగుతుందో చూడండి. చిల్లు పడ్డచోట కుళ్లిన రేకును కోసి తీయరు. దాని మీదే కొత్త ముక్క పెట్టి గ్యాస్ వెల్డింగ్‌తో అంటిస్తారు. ఆ వేడికి చుట్టుపక్కల రేకు వంకరపోతుంది. వంకర కనపడకుండా పుట్టీ మెత్తుతారు, వాటర్ పేపర్‌తో రుద్దుతారు, ప్రైమర్ కొడతారు, రంగు కొడతారు. రెండు రేకుల సందున చెమ్మ భద్రంగా ఉండిపోతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే చోట అదే పొక్కు.

మేస్త్రిని తిట్టను. కారు ఇవ్వగానే మనం అడిగే మొదటి ప్రశ్న రంగు గురించి. తెలుపా, మెరూనా, రెండు రంగులా? అడుగు దూలం కోసి, బాడీ కుంగకుండా లోపల అడ్డకడ్డీలు కట్టి, కొత్త రేకు మలిచి వెల్డ్ చేయడానికి నెలలు పడుతుంది, బిల్లూ దానికి తగ్గట్టే ఉంటుంది, చేసిన పని ఎవరికీ కనపడదు. కనపడని పనికి డబ్బిచ్చేవాడు అరుదు. మెరుపుకే ఇస్తాం కాబట్టి ఆయన మెరుపే అమ్ముతాడు. అలా మెరిసే బండి కొనబోయేవాళ్లు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లాలి. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. జాకీతో ఒక పక్క లేపి తలుపు తెరిచి మూయండి. తాళం దగ్గర పట్టేస్తోందంటే దూలం పని అయిపోయింది.

ఇక ధర పెరుగుతుందన్న ఆశ. 1950ల చివర్నుంచి 2014 దాకా తయారైన బండి అరుదైనదెలా అవుతుంది? అరుదైన వాటి సంగతి కూడా మనం అనుకున్నట్టు లేదు. ఇటలీ సరిహద్దులోని మజ్జోరే సరస్సు అడుగున దశాబ్దాలు పడి ఉన్న బుగాటీని 2009లో పైకి తీశారు. తుప్పు తినేసిన ఆ బండి 2010 వేలంలో 2,60,500 యూరోలు పలికింది. కొన్న అమెరికన్ పీటర్ ముల్లిన్ దానికి రంగు వేయించలేదు, తుప్పుతోనే తన మ్యూజియంలో పెట్టాడు. మన ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధన కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బళ్లకే ఆ గుర్తింపు ఇస్తుంది. చాసిస్, బాడీ, ఇంజను మార్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

తాతగారి కారులో తాతగారిదేముంది? ఆయన చెయ్యి పడి నునుపెక్కిన స్టీరింగ్, అద్దం మీద వెలిసిపోయిన వెంకన్న స్టిక్కర్, ఏ సందులోనో గీసుకున్న గీత. ‘ఫుల్ రెస్టొరేషన్’ పేరుతో ముందుగా పోయేవి ఇవే. దూలం గట్టిగా ఉంటే రంగు జోలికి పోకండి. తలుపు రంధ్రాలు పొడిచి శుభ్రం చేయించండి, మ్యాట్లు తీసి ఎండబెట్టండి, కుళ్లిన చోటు మాత్రం కోయించి కొత్త రేకు వేయించి, లోపలి బోలుకు తుప్పు పట్టని పూత కొట్టించండి. వారానికోసారి తిప్పండి. దూలమే పోయుంటే తలుపులు, గ్రిల్లు, డిఫరెన్షియల్, గేర్‌బాక్సు ఇంకో అంబాసిడర్ నడిపేవాడికి ఇచ్చేయండి, సంతోషంగా తీసుకెళ్తాడు. మిగిలిన రేకు స్క్రాప్‌కి వేసేటప్పుడు ఆర్టీఓ ఆఫీసుకెళ్లి ఆర్సీ రద్దు చేయించుకోండి, లేకపోతే లేని కారుకు మీరే ఓనరు.