విద్యాసభలు - దాతలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కళాశాలలలో జరుగు సాంకేతిక సభలలో, వేదిక వెనుక కట్టిన గుడ్డపై విషయము పేరుకంటె కంపెనీ ముద్రయే పెద్దదిగా కనుపించుట కలదు. అది చూచి ధనసహాయమే దోషమనుట మాత్రము తొందరపాటగును.

మునగాల పరగణా నాడు కృష్ణాజిల్లాకు చెందినను చుట్టును నల్లగొండ సీమయే. దాని జమీందారు నాయని వేంకటరంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులు కలిసి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినది. రసాయనశాస్త్రము, జీవశాస్త్రము వంటివి తెలుగున అచ్చయినవి. జమీందారు సాయపడెను; సంపాదకత్వము లక్ష్మణరావుది. ఈ విభజనలోనే ఆ కృషి గౌరవమున్నది. అయితే 1930వ దశకమున అదే మునగాల రైతులు వెట్టిని, అక్రమ వసూళ్లను ఎదిరించి జమీందారుపై ఆందోళన సాగించిరి. గ్రంథాలయమున కూర్చుండి చదువుకొన్నవానికి, ఆ సొమ్ము ఏ చేనినుండి వచ్చెనో అడుగు హక్కు పోదు.

నేటి దాతల సంగతి చూతము. 2013 కంపెనీల చట్టము ననుసరించి పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు నికరలాభములో 2 శాతమును సామాజిక బాధ్యతకై వెచ్చింపవలెను. తమ సరకు అమ్మకమునకు లాభించుటకై చేసిన స్పాన్సర్‌షిప్పు ఈ లెక్కలోనికి రాదని 2021 నాటి సవరణ నియమములు తేల్చినవి. దానము వేరు, ప్రకటన వేరు అని చట్టమునకు తెలిసినది. సభానిర్వాహకులకు తెలియకపోవుటయే వింత!

ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొని సవరించుకొనదగిన డెబియన్ సాఫ్ట్‌వేరును నిర్మించువారి అంతర్జాతీయ సభ 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగినది. వారును కంపెనీల విరాళములను ప్లాటినము, బంగారము, వెండి, కంచు అను తరగతులుగా స్వీకరించువారే. కాని ఖర్చు భరింపలేనివారికి ప్రయాణము, భోజనము, వసతి సమకూర్చు పద్ధతి ఆ సభలలో కలదు.

దేవరకొండ, అచ్చంపేట విద్యార్థులకు కావలసినది ఇదియే. హైదరాబాదులో సభాప్రవేశము ఉచితమైనను బస్సుచార్జీ, ఒక రాత్రి బస ఉచితములు కావు. సంచులకు, బొమ్మలచొక్కాలకు పోవు సొమ్ము ఆ టిక్కెట్టుకు పోవలెను. జమాఖర్చును నోటీసుబోర్డుపై అంటింపవలెను. వక్తల నెన్నుకొను పని అధ్యాపకులది, విద్యార్థులది కావలెను. అప్పుడు అచ్చంపేట పిల్లవాడు లేచి, సొమ్మిచ్చిన కంపెనీ సరకులోని లోపమును గూర్చి ఆ వేదికపైననే ప్రశ్నింపగలడు. కంపెనీ ప్రతినిధి కూర్చుండి వినవలసియుండును.