ఊబకాయులకు అపెండిక్స్ ఆపరేషన్: చిన్న రంధ్రాలా, పెద్ద కోతా?

మన పల్లెల్లో ‘ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి’ అని పిలుచుకునే అపెండిసైటిస్ గురించి నన్ను అడిగే ప్రశ్నలలో ఒకటి ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. “డాక్టరుగారూ, మా అబ్బాయి బాగా లావు. అంత కొవ్వు ఉన్నవారికి లాప్రోస్కోపీ కుదరదట, కోసి చేయించుకోవడమే క్షేమమని అంటున్నారు, నిజమేనా?” అన్నది ఆ ప్రశ్న. నిజం కాదు. సన్నగా, ఆరోగ్యంగా ఉన్న యువకునికి ఈ రెండు పద్ధతులలో ఏది చేసినా చివరకు పెద్ద తేడా కనిపించదు. తేడా ప్రధానంగా కనిపించేది లావుగా ఉన్నవారిలోనే. అదీ చాలావరకు చిన్న రంధ్రాల పద్ధతికే అనుకూలంగా ఉంటుంది.

ఈ అపోహ పూర్తిగా ఆధారం లేనిదేమీ కాదు. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ జెమ్ అనే స్త్రీరోగ వైద్య నిపుణుడు తొలిసారిగా లాప్రోస్కోపీ ద్వారా అపెండిక్స్‌ను తొలగించినప్పుడు తోటి శస్త్రవైద్యులు మెచ్చుకోలేదు సరికదా, ఆయనపై చర్య తీసుకోవాలనే వరకు వెళ్ళారు. ఆ తొలి రోజులలో పరికరాలు పొట్టివి, కెమెరాలు మసకవి. అందువల్ల స్థూలకాయాన్ని లాప్రోస్కోపీ చేయకూడని పరిస్థితులలో ఒకటిగా పరిగణించేవారు. తరువాత పరికరాలు మారాయి, మత్తు వైద్యం ఎంతో ముందుకు సాగింది. నేడు బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్లను సైతం అత్యధికంగా లాప్రోస్కోపీ ద్వారానే చేస్తున్నారు. పాత మాట మాత్రం జనంలో మిగిలిపోయింది. (చాలామంది దీనిని ‘లేజర్ ఆపరేషన్’ అంటారు. ఇందులో లేజర్ ఏదీ లేదు. ఉన్నది ఒక కెమెరా, సన్నని పొడవాటి పనిముట్లు మాత్రమే.)

ఊబకాయమంటే అరుదైన సంగతి అనుకోవద్దు. మన దేశస్థులకు శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బీఎంఐ, 25 దాటితే ఊబకాయంగా లెక్కించాలని మన నిపుణులు నిర్ణయించారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి 64 కిలోలు దాటితే ఆ గీత దాటినట్లే. పాశ్చాత్యులకు ఆ గీత 30 వద్ద ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది మహిళలు అధిక బరువు లేదా ఊబకాయం కలవారు. కనుక ఈ చర్చ ఎవరో కొద్దిమందికి సంబంధించినది కాదు.

ఇక ఓపెన్ ఆపరేషన్ సంగతి చూద్దాం. 1894లో అమెరికన్ శస్త్రవైద్యుడు మెక్‌బర్నీ వర్ణించిన కోత ఎంతో తెలివైనది. పొట్ట కుడివైపు క్రిందిభాగంలో చర్మాన్ని చిన్నగా కోసి, లోపలి కండరాలను కోయకుండా వాటి పోగుల మధ్య విడదీసుకుంటూ అపెండిక్స్‌ను చేరుకుంటారు. సన్నని మనిషిలో అది నాలుగైదు సెంటీమీటర్ల కోతతో ముగిసిపోతుంది. అదే కోత స్థూలకాయునికి పెట్టినప్పుడు చర్మానికీ కండరానికీ మధ్య కొవ్వు రెండు మూడు అంగుళాల మందాన అడ్డుపడుతుంది. శస్త్రవైద్యుడు బావిలోకి తొంగిచూస్తున్నట్లు పని చేయవలసి వస్తుంది. అపెండిక్స్ పెద్దపేగు వెనుక నక్కి ఉంటే కోతను పెంచక తప్పదు. సహాయకులు ఆ గాయపు అంచులను బలంగా లాగి పట్టుకోవాలి. ఆ లాగుడుకు కొవ్వు నలుగుతుంది.

కొవ్వుకు రక్త ప్రసరణ తక్కువ. రక్తం చాలినంత చేరని చోట సూక్ష్మజీవులతో పోరాడే కణాలూ, మనమిచ్చే యాంటీబయాటిక్ మందూ చాలినంత చేరవు. పైగా చీము పట్టిన అపెండిక్స్‌ను ఆ కొవ్వు గోడల మధ్య నుండే బయటకు తీయాలి. నలిగిన కొవ్వు కరిగి నీరుగా చేరుతుంది, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, నాలుగైదు రోజులకు కుట్లు ఎర్రబడి చీము కారడం మొదలవుతుంది. రోగికి మధుమేహం కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. ప్రభుత్వాసుపత్రి వార్డులలో అపెండిక్స్ ఆపరేషనుకు వచ్చి మూడు నాలుగు వారాలు డ్రెస్సింగుల కోసమే మంచం పట్టిన స్థూలకాయులను నేను ఎందరినో చూశాను. వారిలో రోజుకూలీలూ ఉన్నారు, పసిబిడ్డల తల్లులూ ఉన్నారు. ఆపరేషన్ ఖర్చు లేకపోయినా ఆ నెల రోజుల సంపాదన పోయింది. కొందరికి మానిన గాయమే తరువాత బలహీనపడి అక్కడ హెర్నియా వచ్చి, రెండవ ఆపరేషన్ అవసరమైంది. పప్పు తిన్నందువల్లనే చీము పట్టిందని ఇంటివారు బాధపడేవారు. పాపం, పప్పుకు ఇందులో ఏ ప్రమేయమూ లేదు.

లాప్రోస్కోపీలో కథ వేరు. బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు రంధ్రం, మరి రెండు అంతకంటె చిన్న రంధ్రాలు సాధారణంగా సరిపోతాయి. పొట్టపై కొవ్వు ఎంత మందంగా ఉన్నా కెమెరా దానిని దాటి లోపలికి వెళ్ళిన తరువాత శస్త్రవైద్యునికి ఆ మందంతో పని చాలావరకు తీరిపోతుంది. అపెండిక్స్ ఎక్కడ దాగినా వెతకవచ్చు. అది బాగానే ఉండి నొప్పికి కారణం అండాశయం వంటి మరొకటైతే దానినీ అక్కడే గుర్తించవచ్చు. తొలగించిన అపెండిక్స్‌ను చిన్న సంచిలో వేసి బయటకు తీస్తే గాయపు అంచులకు చీము తగలదు. నొప్పి తక్కువ కనుక రోగి మరునాడే లేచి నడుస్తాడు. స్థూలకాయునికి ఈ నడక ఎంతో విలువైనది. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ, ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయి న్యుమోనియా వచ్చే ప్రమాదమూ వీరికి ఎక్కువ.

పరిశోధనలు ఏమంటున్నాయంటే, అమెరికాలో 2005 నుండి 2009 వరకు పదమూడు వేలకు పైగా ఊబకాయ రోగుల వివరాలను పరిశీలించిన అధ్యయనంలో లాప్రోస్కోపీ చేయించుకున్నవారిలో మొత్తం మీద చిక్కులు సగానికి పైగా తగ్గినట్లు తేలింది. అయితే అది ఆసుపత్రి రికార్డుల పరిశీలన. ఎక్కువ జబ్బుగా ఉన్నవారికే కోత పద్ధతి ఎంచుకొని ఉండవచ్చుననే సందేహానికి అందులో తావున్నది. లాటరీ పద్ధతిలో రోగులను విభజించిన ఒక చిన్న పరీక్షలో ఊబకాయుల మటుకు పెద్ద తేడా కనిపించలేదు. అయినప్పటికీ 2020లో ప్రపంచ అత్యవసర శస్త్రచికిత్స సంఘం వెలువరించిన మార్గదర్శకాలు ఊబకాయులకు లాప్రోస్కోపీనే సూచించాయి. నా అభిప్రాయమూ అదే.

నాణేనికి రెండవ వైపు చెప్పకపోతే నేను అమ్మకందారునవుతాను. లాప్రోస్కోపీకి పూర్తి మత్తు కావాలి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపి, తలను క్రిందికి వంచుతారు. అప్పుడు బరువైన పొట్ట ఊపిరితిత్తులను పైకి నెడుతుంది. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవారి విషయంలో మత్తు వైద్యుడు అత్యంత జాగ్రత్త వహించాలి. కనుక గురక సంగతి దాచకుండా చెప్పండి. లాప్రోస్కోపీలో గాయం బాగానే మానినా, లోపల చీముగడ్డ ఏర్పడే అవకాశం కొంత ఎక్కువని పలు అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలు పేర్కొన్నాయి. మధ్యలో కష్టమని తోస్తే శస్త్రవైద్యుడు కోత పద్ధతికి మారవచ్చు. అది వివేకమే తప్ప వైఫల్యం కాదు. అలా మారినందుకు వైద్యునితో తగవు పడవద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయాలి. లాప్రోస్కోపీ మంచిదని నేను వ్రాసినది చదివి, అనుభవమున్న శస్త్రవైద్యుడు దగ్గరలోని ఆసుపత్రిలో కోత ఆపరేషనుకు సిద్ధంగా ఉండగా, జ్వరంతో మెలికలు తిరుగుతున్న రోగిని కారులో వేసుకొని అర్ధరాత్రి రెండు వందల కిలోమీటర్లు నగరానికి తీసుకుపోవద్దు. పగలని అపెండిక్స్‌ను కోసి తీయడం, పగిలిన అపెండిక్స్‌ను కెమెరాతో తీయడం కంటె ఎప్పుడూ మేలే. రెండు సౌకర్యాలూ ఒకే ఊరిలో ఉన్నప్పుడే ఈ ఎంపిక అర్థవంతం. అప్పుడు అడగవలసినవి రెండు: ఈ ఆపరేషన్ చేసే డాక్టరుగారికి లావుపాటి రోగులతో అలవాటు ఉన్నదా, రాత్రివేళ మత్తు వైద్యుడు అందుబాటులో ఉంటాడా అని. భవనం అందాన్ని బట్టి ఈ సంగతులు తెలియవు.

ప్రభుత్వం వైపు నుండి చూస్తే, లాప్రోస్కోపీని మచ్చ కనపడకూడదనుకునేవారి విలాసంగా భావించే ధోరణి ఇంకా పోలేదు. పరికరాలు కొంటారు. వాటిని నడిపే సిబ్బందిని రాత్రి విధులలో ఉంచరు. అపెండిక్స్ నొప్పి ఆఫీసు వేళలు చూసుకొని రాదు కదా! మూడు వారాల డ్రెస్సింగులకయ్యే మందులూ, మంచమూ, నర్సుల శ్రమా లెక్క కడితే బరువైన రోగుల విషయంలో ఏది ఖరీదైనదో అధికారులకే బోధపడుతుంది. జిల్లా ఆసుపత్రులలో ఇరవై నాలుగు గంటలూ ఈ సౌకర్యం ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టేది ఆలస్యం. పొట్ట నిండుగా ఉన్నవారిలో చేతితో నొక్కి చూసినా లోపలి బిగువు సరిగా తెలియదు. అల్ట్రాసౌండ్ తరంగాలు కూడా కొవ్వును దాటేసరికి మసకబారుతాయి. స్కానింగులో అపెండిక్స్ కనిపించలేదంటే జబ్బు లేదని అర్థం కాదు. అవసరమైతే సీటీ స్కాన్ తీయించాలి. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలలో కుడివైపు క్రిందికి జారి నిలిచిన నొప్పి, దానితోపాటు ఆకలి చచ్చిపోవడం, వాంతి, కొద్దిపాటి జ్వరం ఉంటే, ‘నిన్నటి పెళ్ళిభోజనం గ్యాస్’ అని సోడా త్రాగి కూర్చోవద్దు. ఆముదం వంటి విరేచనకారులు అసలే వద్దు.

ఆపరేషన్ ఏ పద్ధతిలో జరిగినా ఇంటికి వచ్చిన తరువాత వారం పది రోజులు ఉష్ణోగ్రత చూసుకుంటూ ఉండండి. బయటి కుట్లు శుభ్రంగా కనిపిస్తున్నా ఐదవ రోజు దాటాక చలిజ్వరం, పొట్టలో క్రొత్తగా నొప్పి, మాటిమాటికీ జిగట విరేచనాలు మొదలైతే లోపల చీముగడ్డ ఉన్నదేమోనని అనుమానించాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఆ రోజే, ఆ గంటలోనే ఆసుపత్రికి తిరిగి వెళ్ళండి.