కంప్యూటరు ఆటలు – మనోవికాసము

కుమారుడు చదరంగపు బల్లముందు కూర్చుండిన తండ్రి సంతోషించును. అదే కుమారుడు కంప్యూటరు ముందు కూర్చుండి యాటలాడిన మండిపడును. మొదటిది బుద్ధికి పదును పెట్టుననియు, రెండవది బుద్ధిని చెఱచుననియు మనలో ననేకుల నమ్మకము. ఈ నమ్మకమునకు గల యాధార మెంతయో యీ సంచికలో విచారింప దలచితిమి. ఇది వేడుకకు మాత్రమే సంబంధించిన ప్రశ్న గాదు. ఇంట నిషేధింపబడిన యాటను పిల్లలు చాటున నాడుదురు. చాటుమాటున సాగు క్రీడకు వేళయు లేదు, హద్దును లేదు. అందువలన గలిగిన చిక్కును తలిదండ్రులతో జెప్పుకొను ధైర్యమును పిల్లలకుండదు.

మొదట బుద్ధికి గలుగు లాభమును జూతము. 2003వ సంవత్సరమున అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమునందు గ్రీన్, బవెలియే యను పరిశోధకులు ఆటల యలవాటు లేనివారిని రెండు జట్లుగా జేసి, దినమున కొక గంట చొప్పున పది దినములు ఆటలాడించిరి. ఒక జట్టు వేగముగా సాగు యుద్ధపు టాటను, రెండవ జట్టు రంగుల ముక్కలను పేర్చునట్టి టెట్రిస్ అను నాటను ఆడెను. పిదప పరీక్షింపగా, కన్నులయెదుట నొక్కసారి మెఱసిపోవు పెక్కు వస్తువులలో వలసినదానిని గుర్తించు శక్తి మొదటి జట్టువారికి హెచ్చుగా వృద్ధిపొందెను. దీనికి కారణము గ్రహించుట కష్టము గాదు. అట్టి యాటలో నపాయ మే మూలనుండి వచ్చునో తెలియదు; చూపును నలుదిక్కుల నిలుపవలెను; చేసినది తప్పైన నా క్షణమే తెలిసిపోవును. ఇంతకంటె శీఘ్రముగా తప్పు దిద్దు గురువు దొరకుట యరుదు.

వయసు మీఱినవారికిని ఈ లాభము గలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖవారు 2013లో ప్రకటించిన పరిశోధనలో, 60 మొదలు 85 ఏండ్లవఱకు గల వృద్ధులు తెఱపై బండి నడుపుచు, నడుమ నడుమ గనబడు గుర్తులను గమనించు నాటను ఒక నెల యభ్యసించిరి. రెండు పనుల నొకేసారి నిర్వహించు నేర్పు వారికి పెరిగి, ఆఱు నెలల తరువాతను నిలిచియుండెను.

మనశ్శాంతి విషయమున నొక చిక్కుప్రశ్న గలదు. ఆటవలన మనసు కుదుటపడునా, లేక మనసు కుదుటనున్నవారే యాటలకు బోవుదురా? జపాను దేశమున 2020 మొదలు 2022 వఱకు ఆటయంత్రములు చాలక, దుకాణములవారు చీట్లు వేసి, పేరు వచ్చినవారికే యమ్మిరి. చీటి మనిషి గుణదోషముల నెంచదు గదా! కావున చీటి దక్కినవారిని దక్కనివారితో బోల్చి చూచుట పరిశోధకులకు సాధ్యమయ్యెను. యంత్రము దొరికినవారి మనస్స్థితి కొంత మెఱుగుగా నున్నట్లు వారు 2024లో ప్రకటించిరి. అయితే దినమునకు మూడు గంటలు మించిన పిదప, అధికకాల మాడుటవలని మేలు తగ్గుచు వచ్చెననియు వారే చెప్పిరి.

2017లో ప్రకటింపబడిన ఆక్స్‌ఫర్డు పరిశోధనయు దెలియదగినది. మోటారు ప్రమాదమునకు లోనై యాసుపత్రి జేరినవారిచేత, ఆఱు గంటల లోపల ఆ ప్రమాదమును స్మరింపజేసి, సుమారు 20 నిమిషములు టెట్రిస్ ఆడించిరి. తరువాతి వారమున భయంకరదృశ్యములు తమంత తామే మనసులో మెదలుట, ఆడని రోగులకంటె వీరికి తక్కువయ్యెను. ముక్కలను ద్రిప్పి పేర్చుటలో మనోనేత్రము నిమగ్నమగుటచే, ఆ దృశ్యము గాఢముగా నాటుకొనదని పరిశోధకుల యూహ.

ఇంతమాత్రమున నాటయే చదువనుట మా వాదము గాదు. ఆటవలన గలుగు నేర్పు ప్రధానముగా నా యాటను బోలిన పనులయందే కనబడును. లెక్కల పుస్తకము తెఱవనివానికి లెక్కలు రావు. ఆటలచే జ్ఞాపకశక్తిని గాపాడుదుమని మితిమీఱి చాటిన యొక వ్యాపారసంఘము 2016లో అమెరికా ప్రభుత్వపు విచారణకు లోబడి 20 లక్షల డాలర్లు చెల్లింపవలసివచ్చెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో నంగీకరింపగా 2022లో అమలులోనికి వచ్చిన వ్యాధుల పట్టికయందు ఆటల వ్యసనమును జేరియున్నది. గంటల లెక్కకంటె దాని లక్షణములు ముఖ్యము: ఆటను ఆపజాలకుండుట, తక్కిన పనులన్నిటికంటె దానినే ముందుంచుట, చెఱుపు గలుగుచున్నను మానకుండుట. ఇక అంతర్జాలమున ధనమొడ్డి యాడునవి యాటలు గావు, జూదములు. వానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించెను. 2025లో భారతదేశమంతటికిని చట్టము వచ్చినది.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. ఆడవద్దనుటకు ముందు, ఏ యాట యని యడుగుడు; ఒకనాడు ప్రక్కన గూర్చుండి చూడుడు. వేళను మీరును బిడ్డయు గలిసి నిర్ణయింపుడు. ఆట నడుమ తీగ లాగివేయక, ఆ ఘట్టమును ముగియనిండు. ఉపాధ్యాయులకు నొక మనవి గలదు. శనివారము మధ్యాహ్నము ఒక గంట కంప్యూటరు గదిని తెఱచి, యోచనకు బనిపెట్టు మంచి యాటలను పిల్లలచే నాడించిన, ఇంట యంత్రము లేని బీదపిల్లలకును ఆ మేలు దక్కును. విద్యార్థులారా! నిద్రను, పాఠమును, మైదానపు టాటను దోచికొను నాట మీకు మిత్రము గాదు. ఇంటివారి యెదుట నాడుటకు సిగ్గుపడవలసిన యాటను ముట్టకుడు.

హద్దెఱిగి యందఱి యెదుట నాడ నేర్చిన బాలుడు, వేళ కాగానే తనంతట తానే లేచి పుస్తకమును జేతబట్టును. ఆ నిగ్రహమును నేర్పుట నిషేధమునకు సాధ్యము గాదనియు, ఇంటివా రుంచు నమ్మకమునకే సాధ్యమనియు మా దృఢాభిప్రాయము.