ఆనందం ఎవరి పూచీ?

ఈ మధ్య మన కళాశాలల్లో ఒక కొత్తరకం పురాణకాలక్షేపం బయలుదేరింది. వెనకటి పౌరాణికుడు మనిషి కష్టాలకు పూర్వజన్మ కర్మ కారణమనేవాడు. ఇప్పటి ఉపన్యాసకుడు కోటు తొడుక్కుని వచ్చి, నీ దృక్పథమే కారణమంటాడు. పౌరాణికుడు నేరాన్ని గతజన్మలోకి నెట్టి, కనీసం ఈ జన్మలోనైనా మనిషిని నిర్దోషిగా వదిలేవాడు. ఈయన ఆపాటి దయ కూడా చూపడు.

మద్దిలపాలెంలో ఒక కళాశాల హాలులో జరిగిన ఇటువంటి సభకు నేనూ వెళ్ళాను. ఆధునిక జీవితంలో ఒత్తిడిని జయించి ఆనందం పొందడం ఎలాగన్నది విషయం. కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అందరూ కళ్ళు తెరిచారు, వెనక బెంచీలో ఒక కుర్రవాడు తప్ప. అతడు నిద్రపోయాడు. "చూడండి, ప్రశాంతత అంటే ఇదీ!" అన్నారు వక్త. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. రాత్రి ఒంటిగంటదాకా బండిమీద ఇంటింటికీ తిండిపార్సిళ్ళు చేరవేసి, పొద్దున్నే క్లాసుకు వచ్చాడని సాయంత్రం తెలిసింది. ఆ నవ్వుకు నేను కట్టుకుంటున్న జరిమానాయే ఈ వ్యాసం.

ఊపిరి పీల్చడం తప్పని నేననను. ధ్యానమో, వ్యాయామమో మేలు చేస్తే చెయ్యవచ్చు. మనస్సుకు జబ్బు చేసినవారు సిగ్గుపడకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. నా తగాదా మందుతో కాదు, రోగాన్ని నిర్ణయించే పద్ధతితో.

వారానికి 55 గంటలూ, అంతకు పైనా పనిచెయ్యడంవల్ల 2016 ఒక్క ఏడాదిలోనే పక్షవాతంతోనూ, గుండెజబ్బుతోనూ 7 లక్షల 45 వేలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్యసంస్థ, అంతర్జాతీయ కార్మికసంస్థ కలిసి 2021లో అంచనా ప్రకటించాయి. వీరంతా దృక్పథలోపంవల్ల పోయారా? ఈ లెక్క వెలువడిన తర్వాతే, 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025లో ఎల్ అండ్ టి అధిపతి సుబ్రహ్మణ్యన్‌గారు 90 గంటలదాకా వెళ్ళారు. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం కర్మాగారాల్లో రోజుపనిని 9 గంటలనుంచి 10కి పెంచడానికి ఒప్పుకున్నది. వారానికి 48 గంటల హద్దు అలాగే వున్నది కదా అని సమాధానం చెబుతారు. మరి మూడునెలలకు 75 గంటలుగా వున్న అదనపు పనిని 144 దాకా పెంచడం దేనికి? ఒక చేత్తో పనిగంటలు పెంచుతూ, రెండో చేత్తో ప్రశాంతత పంచుతామంటే నమ్మేదెవరు?

వక్తగారు బుద్ధుణ్ణి కూడా సాక్ష్యానికి పిలిచారు. బావికొండ, తొట్లకొండ మన ఊరి పక్కనే వున్నాయి కాబట్టి ఆ సాక్షి మనకూ తెలిసినవాడే. దుఃఖం వున్నదని చెప్పి ఆయన ఊరుకోలేదు. దుఃఖానికి కారణం వున్నదన్నాడు. ఆ కారణం తృష్ణ అన్నాడు. నిజమే, ఒప్పుకుందాం. కాని ఒంటిగంటదాకా బండి నడిపే కుర్రవాడి తృష్ణ ఎంత? కాలేజీ ఫీజంత. తృష్ణను గురించి బోధించదలిస్తే, ఆ ఉపన్యాసం లాభాలు పంచుకునే డైరెక్టర్ల సమావేశంలో మొదలుకావాలి.

"అయితే సమాజం మారేదాకా ఏడుస్తూ కూర్చోమంటారా?" అని మిత్రులు కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇక్కడ మనవాళ్ళ తప్పు కూడా వున్నది. ఆనందమనే మాటను మనం తీరికవర్గాల మాట అని చులకన చేసి వదిలేశాం. వదిలేసిన పొలాన్ని పక్కవాడు దున్నుకున్నాడు. కాని 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం అడిగినప్పుడు అడిగిందేమిటి? నిద్రకూ, బిడ్డలతో గడపడానికీ, చదువుకోవడానికీ వేళ కావాలన్నారు. వారానికి 48 గంటలకు మించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం రాసుకున్నదీ అలాటి పోరాటాల ఫలితంగానే. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని వీధుల్లోకి వచ్చినవారు, ప్రాణాలిచ్చిన 32 మంది, రేపటిమీద భరోసా అడిగారు. ఆ కర్మాగారంలో ప్రభుత్వవాటాను పూర్తిగా అమ్మడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదించింది. ఉద్యోగం వుంటుందో ఊడుతుందో తెలియని కార్మికుడికి కూర్మన్నపాలెంలో ఎన్ని ధ్యానశిబిరాలు పెట్టినా ఆ భరోసా తిరిగి వస్తుందా?

ఒంటరిగా కూర్చుని కళ్ళు మూసుకున్నవాడికి తన అలసట తన చేతగానితనంగానే తోస్తుంది. పక్కవాణ్ణి పలకరిస్తే, ఆ అలసట ఇద్దరిదీ అని తెలుస్తుంది. దిగులు సగం తగ్గేది అక్కడే. సంఘం పుట్టేదీ అక్కడే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులారా, ఇటువంటి సభ మళ్ళీ మీ కళాశాలకు వచ్చినప్పుడు, వందన సమర్పణకు ముందు ఒక్క ప్రశ్నకు వ్యవధి అడగండి: "ఈ హాలులో నిన్న రాత్రి ఎంతమంది పనికి వెళ్ళారు? ఎన్ని గంటలు పడుకున్నారు?" చేతులెత్తించి లెక్కపెట్టండి. ఆ లెక్క తెలిసిన తర్వాత ఎవరూ నవ్వరు. నేను మాత్రం నవ్వను.