చర్లలో ఇల్లు కొనబోయేవారికి, అమ్మబోయేవారికి, చూస్తూ ఊరుకున్నవారికి



"రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు ఉంది. నోటరీ రాయిస్తాం. ఇంటి పన్ను మీ పేరునే కట్టుకోవచ్చు, కరెంటు మీటరూ మారుస్తాం" అని ఎవరైనా మీతో అంటే, బయానా చేతిలో పెట్టే ముందు ఈ కరపత్రం చివరిదాకా చదవండి. గిరిజనేతరులెవరూ చర్లలో ఫ్లాటు గానీ ఇంటి స్థలం గానీ కొనవద్దు. వారికి ఎవరూ అమ్మవద్దు. ఇక్కడ పనిచేసేవారికి ఉండడానికి ఇల్లు కావాలన్నది నిజమైన అవసరమే. దాన్ని ప్రభుత్వమే తీర్చాలని అందరం కలిసి అడుగుదాం.

చర్ల షెడ్యూల్డ్ ప్రాంతం. మనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునేది 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ. 1970 ఫిబ్రవరి 3 నుంచి ఏజెన్సీలో ఏ స్థిరాస్తినైనా గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప మరెవరికీ అమ్మడానికి వీల్లేదు. అమ్మేది కోయ కుటుంబమైనా, మూడు తరాలుగా ఇక్కడున్న గిరిజనేతర కుటుంబమైనా ఇదే నియమం. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, బినామీ, ఆఖరికి వీటి కోసం రాసుకున్న ఒప్పందం కూడా చెల్లవు. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని చూపాల్సిన బాధ్యత ఆ భూమి పట్టుకున్నవారిదే. ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 1997లో సమతా కేసు తీర్పులో ఇంకో అడుగు ముందుకేసి, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదంది. సర్కారుకే లేని హక్కు ఒక బ్రోకరుకు ఎక్కడిది?

"ఫ్లాటంటే నేల కాదు గదా, గోడలే గదా" అని కొందరు వాదిస్తారు. ఫ్లాటు కొన్నవారికి గోడలతో పాటు ఆ భవనం నిలిచిన స్థలంలో విడదీయని వాటా కూడా వస్తుంది. హైదరాబాదులో బర్కత్‌పురాలోనో సికింద్రాబాదులోనో ఫ్లాటు కొనేవారు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, కొత్త కట్టడమైతే రెరా నంబరు చూస్తారు, బ్యాంకు లాయరు చేత కాగితాలన్నీ చదివిస్తారు. చర్లలో గిరిజనేతరుడు ఇవన్నీ అడిగితే చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు. రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టి బ్యాంకు అప్పూ రాదు. నోటరీ చూసేది సంతకం ఎవరిదన్నదే, హక్కు ఎవరిదన్నది కాదు. ఇంటి పన్ను రశీదు పన్ను కట్టారనడానికి సాక్ష్యం, ఇల్లు మీదనడానికి కాదు. కరెంటు మీటరు సంగతీ అంతే.

నగరంలో రకరకాల మనుషులు కలిసి బతికే పాత పేటలో ఇల్లు కొనడమంటే ఆ పేట చరిత్రలో మనమూ ఒక భాగం కావడమని చాలామందికి ఆశ. ఆ ఆశను మేం చిన్నచూపు చూడడం లేదు. చర్లలోనూ రకరకాల మనుషులున్నారు. కోయలున్నారు, కోస్తా జిల్లాల నుంచి సేద్యానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి, వ్యాపారాలు చేసుకునేవారున్నారు, 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో బస్తరు నుంచి ప్రాణాలు చేత పట్టుకుని అడవి దాటొచ్చి, మన మిరప చేలల్లో కోతలకు వచ్చే గొత్తికోయలున్నారు. వీరందరి మధ్యా నేల ఒక్కటే. అది డబ్బున్నవారి వైపు జారిపోతే కలిసి బతకడం మాటగానే మిగులుతుంది.

ఈ నేలకున్న చరిత్ర కూడా అదే చెబుతోంది. చర్ల, ఆల్బాక, నూగూరు తాలూకాలు 1909లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధానిలోకి వచ్చాయి. అప్పటికి ముప్పై ఏళ్ల కిందటే, 1879లో, రంప కొండల్లో ఫితూరీ రేగి రేకపల్లి దాకా పాకింది. కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు, వాటితో పాటు మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, కోర్టు డిక్రీలతో ఆస్తులు లాక్కోవడం దానికి కారణాలు. అంత జరిగాక గానీ 1917లో ఏజెన్సీ భూముల చట్టం రాలేదు. దానికి కొనసాగింపే 1959 నిబంధన. ఆనాడు భూమిని లాక్కున్నది అప్పుపత్రం. ఈనాడు ఆ పని నోటరీ కాగితం చేస్తోంది.

దీనివల్ల ముందుగా నష్టపోయేది కోయ కుటుంబమే. ఆస్పత్రి ఖర్చుకో, పెళ్లికో, పిల్లల చదువుకో రోడ్డు పక్క స్థలం ఇచ్చేస్తారు. ఇంకో పద్ధతి బినామీ. పని ఇచ్చిన ఆసామి ఇల్లు కట్టుకుంటాడు, కాగితం మీద మాత్రం కోయ యువకుడి పేరుంటుంది. ఆ ఇంట్లో అతనికి చాప పరుచుకునే చోటు కూడా ఉండదు. పక్కా ఇల్లు ఉన్నట్టు లెక్కలో పడితే ప్రభుత్వ ఇంటి పథకంలో అర్హత పోయే ప్రమాదం మాత్రం అతని నెత్తినే పడుతుంది. తమ్ముడూ, నీ పేరు అద్దెకివ్వకు. ఇచ్చి సంతకం చేసిన రోజునే నువ్వు కేసులో మనిషివి అవుతావు.

కొన్నవారికీ మేలు జరగదు. జీపీఎఫ్ డబ్బు తీసి ఫ్లాటు కొన్న టీచరు బదిలీ అయ్యాక దాన్ని ఎవరికి అమ్ముతారు? గిరిజనేతరులకు అమ్మితే అదీ చెల్లదు. ఎవరో ఫిర్యాదు చేసినా, చేయకపోయినా, అధికారి తనంతట తాను భూబదలాయింపు నిబంధన కింద ఎల్‌టీఆర్ కేసు నమోదు చేసి ఖాళీ చేయించవచ్చు. అప్పుడు కట్టిన లక్షలకు చట్టం ముందు లెక్క ఉండదు.

తరతరాలుగా చర్లలోనే పుట్టి పెరిగిన గిరిజనేతరులకు ఒక మాట. మిమ్మల్ని వెళ్లిపొమ్మని ఈ కరపత్రం అనడం లేదు. మీలో దళితులు, వెనుకబడిన కులాల కూలీలు ఎక్కువమంది ఉన్నారని మాకు తెలుసు. సక్రమంగా వచ్చిన ఇల్లు మీ పిల్లలకు వారసత్వంగానో వీలునామాగానో దక్కడాన్ని ఈ చట్టం ఆపదు. ఆపేది కొత్త కొనుగోళ్లను. అమ్ముకుని వెళ్లాలనుకుంటే, కొనడానికి గిరిజనులెవరూ ముందుకు రానప్పుడు ప్రభుత్వమే పరిహారం చెల్లించి ఆస్తి తీసుకునే వీలు ఈ నిబంధనలోనే ఉంది. దాన్ని వాడుకున్నవారు మన చుట్టుపక్కల కనబడరు. ఆ దారి తెరిచి ఉంచితే బ్రోకరు దగ్గరికి పోవాల్సిన పని సగం తప్పుతుంది.

అందుకే భద్రాచలం ఐటీడీఏని మేం మొదట అడుగుతున్నది నిధి. ఆ పరిహారానికి ఏటా కొంత డబ్బు విడిగా కేటాయించాలి. అలా తీసుకున్న ఇళ్లను, స్థలాలను ఇల్లులేని కోయ కుటుంబాలకు ఇవ్వాలి. గోదావరి ముంపులో ఉన్న పల్లెలకు ఎత్తైన చోట పునరావాసం కల్పించాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఎత్తైన నేల విలువ ఏమిటో అందరం చూశాం. ఆ నేలంతా నోటరీల మీద చేతులు మారిపోతే, వచ్చే వరదకు జనాన్ని ఎక్కడ పెడతారు?

ఇక్కడ పనిచేయడానికి వచ్చే టీచర్లకు, నర్సులకు, పంచాయతీ సిబ్బందికి క్వార్టర్లు కట్టాలి. వారికి ఉండే చోటు చూపించకుండా కొనవద్దని మాత్రమే చెబితే న్యాయం కాదు. కోయ ఉద్యోగులకైతే చట్టప్రకారం ఇల్లు కొనుక్కునే హక్కుంది, బ్యాంకుకు తనఖా పెట్టే వీలూ చట్టంలో ఉంది. ఏజెన్సీ అనగానే అప్పు నిరాకరించే అలవాటును బ్యాంకులు మానుకోవాలి.

శిక్ష మాటా చెప్పాలి. 1978లో చేర్చిన సెక్షను ప్రకారం, నిబంధనకు విరుద్ధంగా ఆస్తి పొందినవారికి ఏడాది దాకా కఠిన కారాగారం, లేదా 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేటి స్థలం ధరలో ఆ జరిమానా బ్రోకరు కమీషనుకు కూడా చాలదు. ఏజెన్సీ నిబంధనలు సవరించే అధికారం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉంది. జరిమానాను ఆస్తి విలువకు ముడిపెట్టి పెంచాలని, అసలు బరువు బ్రోకర్ల మీదా బినామీగా కట్టించినవారి మీదా పడాలని, అవసరానికి అమ్ముకున్న కోయ మహిళ మీద కాదని మేం కోరుతున్నాం.

ఇవన్నీ పైనుంచి వచ్చేదాకా మనం ఎదురుచూడనక్కర్లేదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి పరాయి చేతుల్లోకి పోకుండా ఆపే అధికారం, పోయినదాన్ని తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకు ఉన్నాయి. దాని నియమాలు ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే వచ్చాయి. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి: ఊళ్లో కొత్తగా లేచే ప్రతి భవనం స్థలం ఎవరిది, ఎవరి పేరున ఉంది, ఎలా వచ్చింది అన్నది ఒక రిజిస్టరులో రాయాలి. దాన్ని పంచాయతీ గోడ మీద అతికించాలి. అనుమానం ఉన్నవాటిని గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు పంపాలి. ఆడవాళ్లు తప్పకుండా రండి. స్థలాలు అమ్ముడయ్యేటప్పుడు వేలిముద్ర మీచేతే వేయిస్తారు గానీ బేరం మీకు చెప్పరు. మీ దగ్గరున్న స్టాంపు పేపర్లు, పాత పట్టాల నకళ్లు వెంట తెచ్చుకోండి. తీర్మానం రాసిన పేజీ మీద సంతకాలయ్యాక నకలు అడిగి, దాని మీద పంచాయతీ ముద్ర వేయించుకుని తీసుకెళ్లండి.