చిన్న వెండి నాణెములు

పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల నాణెములలో మాకు మిక్కిలి ముచ్చటైనది వెండి పెన్నీ. బరువు అరగ్రాము; చిన్న ముక్కుపుడక యంత. ఒకవైపు రాజు ముఖము, రెండవవైపు కిరీటము క్రింద ఒకటి అంకె. రెండు, మూడు, నాలుగు పెన్నీల బిళ్లలను గూడ చేర్చి వరుస కూర్చుట సేకరించువారి వేడుక.

ఆ కాలమున వెండికి కరవు వచ్చినది. టంకశాలాధిపతి న్యూటను నివేదికపై 1717లో బంగారు గినీకి 21 షిల్లింగులని నిర్ణయించిరి. ఆ లెక్కన వెండికి స్వదేశమున విలువ తగ్గినది, తూర్పుదేశములలో హెచ్చు. వర్తకులూరకుందురా? వెండి ఓడ లెక్కెను. ఈస్టిండియా కంపెనీ ద్వారా మన దేశమునకును కొంత చేరెను. అందుచేత టంకశాలకు వెండి వచ్చుట అరుదయ్యెను. 1723 నాటి షిల్లింగులపై ఎస్.ఎస్.సి. యను అక్షరములు కనబడును. అది సౌత్ సీ కంపెనీ తెచ్చిన వెండి యని గుర్తు. క్రొత్తగా ప్రారంభించు సోదరీమణులకు ఇది తగినది. తక్కినవానికంటె సులభముగా దొరకును.

నల్లబడిన నాణెమును జూడగానే మన చేయి చింతపండు కొఱకు పోవును. వలదు! కుంకుమభరిణె తోమినట్లు తోమితిరా, రూపురేఖలరిగి వెల మిక్కిలి పడిపోవును. అంచులు పట్టుకొనియే చూడవలెను.

మెడలో కట్టుకొనుటకై బెజ్జము వేసిన బిళ్లలకు వర్తకులు తక్కువ వెల చెప్పుదురు. మాకు మాత్రము అవియే యెక్కువ యిష్టము. ఏ పసిబిడ్డ మెడలో నాడినవో!